వేళ్ళకు తెలిసిన తెర

మా కంపెనీ సామాన్ల గదిలో ఏళ్ళుగా పడి ఉన్న పాత కంప్యూటర్లను పోయిన వారం కిందికి దించారు. పనికొచ్చేవి ఏరి, బెంగళూరు దారిలోని ఈ నరసాపురం చుట్టుపక్కల బడులకు ఇవ్వాలని పైవాళ్ళ ఆలోచన. మొదటిదానికి కరెంటు పెట్టి మీట నొక్కగానే లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి వాసన వచ్చింది. మాడీ మాడని రాగిపిండి వాసన లాంటిది. అది తగలగానే నా చేతులు ఆగిపోయాయి. కొత్తగా చేరిన ఇంజనీరు నా అవస్థ గమనించలేదు. వీటిలో లినక్స్ వేద్దాం మేడం, డెస్క్‌టాప్ ఏది పెడదాం, అన్నింటికన్నా ఏది మంచిది అని హుషారుగా అడిగాడు. నేను బయటికి వచ్చేశాను. షిఫ్టు బస్సులు నిలిచే చోట, ఎండలో, నలభై దాటిన మనిషిని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. నాకు పని నేర్పిన మా గోవిందస్వామి సార్ పోయి పదేళ్ళు దాటింది. అయినా ఆ వాసనకు, ఆ ప్రశ్నకు నేను ఇంకా తట్టుకోలేను.

ఈ గొడవ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మామూలుగా మనం కొనే కంప్యూటర్‌లో తెర ఎలా ఉండాలో అమ్మేవాళ్ళే నిర్ణయించి పంపుతారు. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పని మనకే వదిలేస్తారు. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని పూర్తి డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. బొమ్మలు, మెనూలు, మూలన గడియారం, అన్నీ అవే అమర్చి ఇస్తాయి. అవేవీ వద్దనుకుంటే విండో మేనేజర్ ఒక్కటే పెట్టుకోవచ్చు. తెర మీద ఏ విండో ఎక్కడ నిలవాలో అది చూసుకుంటుంది, అంతే. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే ఒక ఫైలులో వరుసగా రాసుకోవాలి. వీటిలో ఏది గొప్పదని కుర్రకారు ఇంటర్నెట్టులో ఇప్పటికీ జుట్లు పట్టుకుంటూనే ఉంటారు. నేనూ ఒకప్పుడు ఆ గుంపులో దాన్నే. ఆ జబ్బు నాకు వదిలించింది సారే.

డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగం లేక, బేతమంగళ దగ్గర మా ఊళ్ళో అమ్మకు తోడుగా పట్టుపురుగులకు ఆకు కోసి వేస్తున్న రోజుల్లో, ఆండర్సన్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌కు మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. సెంటర్ అంటే సార్ ఇంటి ముందు గదే. బెంగళూరు ఆఫీసుల్లో పారేసిన, మీట నొక్కితే ఇదే వాసన వచ్చే ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ఒక నల్లబల్ల. సార్ అక్కడి బంగారు గనిలో, కార్మికుల హాజరు రాసే టైమ్ ఆఫీసులో గుమాస్తా. గని మూతపడేదాకా ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన మనిషి. ఆ తర్వాత పుస్తకాలు తెప్పించుకుని, యాభై దాటిన వయసులో లినక్స్ ఒంటరిగా నేర్చుకున్నారు. పాత యంత్రాలకు అదొక్కటే ఊపిరి పోస్తుందని ఆయన నమ్మకం. ఆ చుట్టుపక్కల వాళ్ళకు అర్జీలు కొట్టి ఇచ్చేవారు, పిల్లలకు, పెద్దలకు కంప్యూటర్ నేర్పేవారు, ఎవరింట్లోనైనా పాతది మూలన పడితే దాన్ని బాగు చేసి ఇచ్చేవారు. మొదటి రోజు నన్ను పరీక్షిస్తారేమో అనుకుని, ఏ డెస్క్‌టాప్ ఎంత మెమరీ తింటుందో, ఏది ఎందుకు ఉత్తమమో అరగంట గడగడా చెప్పాను. సార్ చేతులు కట్టుకుని అంతా విన్నారు. "ఏది బెస్టు అనేది పక్కన పెట్టమ్మా. దాని ముందర ఎవురు కూచుంటారు? ముందు అది చెప్పు," అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఇంజనీరమ్మ అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుస్తూనే ఉండేది.

సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి కంప్యూటర్‌లోనైనా ఏ డెస్క్‌టాప్ పెట్టాలో తేల్చే ముందు, ఆ మనిషిని ఒక పూర్తి దినం మా సెంటర్‌లో ఏదో ఒకదాని ముందు కూర్చోబెట్టేవారు. వాళ్ళు తమకు వచ్చినట్టు చేసుకుంటూ ఉంటే, తను వెనక ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవారు. నేర్పరు, సరిదిద్దరు, నోరు మెదపరు. నాలుగో రోజునే ఆ పీట నాకు ఇచ్చారు. దినమంతా ఊరికే కూర్చోవడమేమిటని నేను గొణిగితే, ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సుమ్నే, ఊరికే కూచోని చేతులు చూడు. మొగం చూడొద్దు. మొగం అన్నీ తెలిసినట్ల తలూపుతాది. చేతులకు అబద్ధం రాదు."

కృష్ణప్ప గారి సంగతి చెబితే ఈ పద్ధతి అర్థమవుతుంది. ఆయన గనిలో వైండింగ్ డ్రైవరు. మనుషులు ఎక్కిన ఇనుప పంజరాన్ని పాతాళంలోకి దించి, మళ్ళీ పైకి లాగే పెద్ద యంత్రాన్ని నడిపిన మనిషి. విశ్రాంత కార్మికుల సంఘానికి కార్యదర్శి అయ్యాక సమావేశాల నోటీసులు తానే కొట్టుకోవాలని ముచ్చటపడి వచ్చారు. పెద్దాయన కదా, పెద్ద పెద్ద బొమ్మలున్న డెస్క్‌టాప్ పెడదామని నేను ముందే తీర్మానించేశాను. కానీ పీట మీద కూర్చుని చూస్తే, మౌస్ పట్టుకున్న ప్రతిసారీ ఆయన చెయ్యి బిగుసుకుపోయి, బాణం తెర దాటి పారిపోతోంది. అదే కీబోర్డు మీదకు వస్తే ఒక్కో మీటనూ తొందరలేకుండా, చివరిదాకా నొక్కి, అది లేచేదాకా ఆగి, తర్వాతి దానికి వెళ్తున్నారు. సాయంత్రం సార్ నన్ను అడిగారు, నేను చూసింది చెప్పాను. ఈయన చేతికింద ఎందరి ప్రాణాలో ఉండినాయి, తేలిగ్గా కదిలేది ఏదీ ఆ చెయ్యి నమ్మదు అన్నారు సార్. కృష్ణప్ప గారికి మౌస్ తీసేసి, నాలుగు మీటలతో నడిచే విండో మేనేజర్ పెట్టారు. మూడో రోజుకు ఆయన నోటీసు తయారైంది. నా డిప్లొమా మీద నాకున్న గర్వం ఆ మూడు రోజుల్లో సగం దిగిపోయింది. మిగతా సగం ఎందుకు దిగలేదా అని ఇప్పుడు బాధపడుతున్నాను.

సార్ సొంత కంప్యూటర్ గది మూలన, కిటికీ పక్కన ఉండేది. దాని తెర మీద ఏమీ ఉండదు. బొమ్మ లేదు, మెనూ లేదు, నలుపు ఒక్కటే. కొత్తవాళ్ళు చూసి చెడిపోయిందనుకునేవారు. ఆయన కూర్చుని ఏవో రెండు మీటలు కలిపి నొక్కితే ఎడమవైపు అర్జీ తెరుచుకునేది, ఇంకో రెండింటికి కుడివైపు పాత అర్జీల జాబితా వచ్చేది. ఏదైనా సరే, ప్రతిసారీ అదే చోటికి, అదే కొలతలో. మీటల సంగతంతా ఒక ఫైలులో రాసి పెట్టుకున్నారు. పదేళ్ళుగా, వారానికో పదిహేను రోజులకో, ఒక వరుస చేరుస్తూ, ఒకటి దిద్దుతూ పోయారు. ఈ ఇంటికి తాళం వేయక్కర్లేదు సార్, దొంగ వచ్చినా ఈ కంప్యూటర్‌ను తెరవలేడని నేను ఎగతాళి చేసేదాన్ని. నీ మాదిరి ఇంజనీరు వచ్చినా తెరవలేడు అని ఆయన తిరిగి అంటించేవారు.

నేను చేరిన ఐదో ఏట సార్ తీరులో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. అర్జీ కొట్టి ప్రింటు తీశాక, వచ్చినవాళ్ళ చేతికిచ్చి పైకి చదవమనేవారు, తప్పుంటే నువ్వే చెప్పల్ల అనేవారు. జనం తమ కాగితం తాము చదువుకోవడం నేర్చుకోవాలని చేస్తున్నారనుకుని నేను మెచ్చుకున్నాను. గదిలో కుర్చీలు ఎవరూ జరపకూడదని గట్టిగా చెప్పేవారు. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాను. కూతురు శాంతక్క కంటి డాక్టరు దగ్గరికి పిలిస్తే వాయిదా వేసేవారు. ఆఖరికి ఒకనాడు గడప తట్టుకుని పడ్డాక శాంతక్క బలవంతాన తీసుకెళ్ళింది. గ్లకోమా అన్నారు, బాగా ముదిరింది, బెంగళూరులో ఆపరేషన్ చేయాలన్నారు. మారికుప్పంలో రైలెక్కించడానికి నేనూ వెళ్ళాను. కిటికీలోంచి సార్ నాతో అన్నది ఒకటే. వచ్చేదాకా సెంటర్ మూయొద్దని.

మూయలేదు. అంతకంటే ఘనకార్యం చేశాను. రెండో రోజు శాంతక్క ఫోన్ చేసి, ఆపరేషన్ అయ్యాక కూడా చూపు అంతంతమాత్రమే అంటున్నారని ఏడ్చింది. "నాయన వచ్చేలోగా ఆ కంప్యూటర్‌ని అందరి మాదిరి చేసి పెట్టు రేణుకా. ఆ నల్ల తెర చూస్తే నాకే దిగులు పుడతాది. అక్షరాలు పెద్దవి పెట్టు," అంది. నాకు అది చాలా న్యాయంగా తోచింది. సార్ కోసం ఏదైనా చేయాలని మనసు కొట్టుకుంటోంది. కొత్త డిస్కు ఒకటి తెప్పించి, అప్పట్లో అన్నింటికన్నా సౌకర్యమైనదని పేరున్న డెస్క్‌టాప్ ఎక్కించాను. అరచేతి వెడల్పు బొమ్మలు, పసుపు మీద నల్లటి అక్షరాలు, తెరను పెద్దది చేసి చూపే భూతద్దం. నాలుగు రోజులు కూర్చున్నాను. అర్జీలన్నీ జాగ్రత్తగా కొత్తదానిలోకి మార్చాను. పాత డిస్కును తుడిచేసి ఒక బడిపిల్ల కంప్యూటర్‌కు బిగించి పంపాను. ఆ మీటల ఫైలు సంగతి మరిచిపోయానని చెప్పుకుంటే నాకు కాస్త సులువుగా ఉండేది. మరిచిపోలేదు. అది నాకు కనిపించింది. ఇంత సౌకర్యం చేశాక ఇక దానితో పనేముందని వదిలేశాను.

పదో రోజు సార్ వచ్చారు. కంటికి పచ్చ కళ్ళజోడు, చేతిలో కర్ర. స్నానం కూడా చేయకుండా నేరుగా తన కుర్చీ దగ్గరికి వెళ్ళారు. నేను, శాంతక్క ఆయన మొహంలో సంతోషం చూడాలని చెరో పక్కన నిలబడ్డాం. సార్ రెండు మీటలు కలిపి నొక్కారు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కారు. ఇంకో రెండు నొక్కారు, ఎక్కడో మెనూ ఒకటి తెరుచుకుంది. ఆయన తల కొంచెం పక్కకు వంచి, చెవితో వింటున్నట్టు ఆగారు. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి, కదలడం లేదు. నేను గబగబా ఆయన చెయ్యి పట్టుకుని మౌస్ మీద పెట్టి, ఇదిగో సార్, ఇక్కడ పెద్ద బొమ్మ ఉంది, ఇది నొక్కితే అర్జీలు వస్తాయి అని చూపించాను. ఆయన నా చెయ్యి తీసుకెళ్ళిన చోటికల్లా చెయ్యి ఇచ్చారు. ఒక్కో విండో ఒక్కోచోట తెరుచుకుంటోంది. చూపున్నవాడికి అదొక లెక్కే కాదు. కాసేపటికి సార్, "బాగుండాదమ్మా. శానా కష్టపడినట్లుండావు," అని మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు సెంటర్‌లోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు శాంతక్క నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. ఏడాదిగా నాయనకు తెర మీద అక్షరం కనపడటం లేదని డాక్టరు ఆమెతో అన్నాడట. ముందర నిలబడిన మనిషి ఆకారం తప్ప ఏమీ తెలిసి ఉండదన్నాడట. ఏడాది పాటు ఆయన మా కళ్ళముందే, ఏ విండో ఎక్కడుందో మనసులో ఉంచుకుని, వేళ్ళతో లెక్క పెట్టుకుంటూ, ముప్పై ఏళ్ళ టైపు అలవాటుతో అర్జీలు కొట్టారు. చదవమని జనానికిచ్చింది తాను చదవలేక. కుర్చీలు కదపొద్దన్నది కనపడక. ఆ ఫైలే ఆయనకు మిగిలిన చూపు. దాన్ని నేను పెరికి పారేశాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నా మేమిద్దరం కదల్లేదు.

సార్ పడక దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అడుగుల చప్పుడుకే నేనని తెలిసింది. ఆ ఫైలు యాడన్నా పెట్టినావా అని ఆయనే అడిగారు. లేదు సార్, పారేశాను అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నెమ్మదిగా అన్నారు. "దినామూ ఎవురెవురి చేతులో చూస్తా ఉంటివి. నా చేతులూ చూసుంటావనుకొంటి." ఆయనే మళ్ళీ, "నాదీ తప్పే ఉండాదిలే. చెప్తే కుర్చీలోంచి లేపుతారని గమ్మునుంటి," అన్నారు. ఆ రెండో మాట నా కోసం అన్నారని తెలుసు. మొదటి మాటే నిజం. ఐదేళ్ళు ఆ పీట మీద కూర్చుని ఊరందరి చేతులూ చూశాను. గది మూలన ఉన్న ఆయన వైపు ఒక్కసారి పీట తిప్పలేదు. గురువుకు అన్నీ కనపడతాయనుకున్నాను.

పాత డిస్కు కోసం ఆ బడిపిల్ల ఇంటికి పరుగెత్తాను. తుడిచి, పైన కొత్తది రాశాక దానిలో ఏం మిగులుతుంది. ఇక ఆయన నోటినుంచే ఫైలు మళ్ళీ రాయాలని నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. అర్జీకి ఏ మీటలు సార్ అని అడిగితే ఆయన నోరు తెరిచి, ఆగిపోయారు. ఎంత ప్రయత్నించినా మాటల్లో రాలేదు. "నోటికి తెలీదమ్మా. కీబోర్డు ఇట్లియ్యి," అన్నారు. తీగ లేని కీబోర్డు ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఇప్పుడు నంజమ్మ వచ్చిందనుకోండి సార్, కరెంటు ఆఫీసుకు అర్జీ రాయాలంటోంది అన్నాను. చప్పున వేళ్ళు కదిలాయి, ఎడమ బొటనవేలు, చూపుడువేలు. రాసుకున్నాను. ఇప్పుడు ప్రింటు తీయాలి. మళ్ళీ కదిలాయి. అలా ఒక్కో పనికీ ఒక్కో మనిషిని కల్పించి చెబుతుంటే, ఆయన అది నిజంగా జరుగుతున్నట్టు చేసి చూపేవారు. రోజుకు ఒకటో రెండో వరుసలు దొరికేవి. నా జీవితంలో నేను మనిషి చేతులను అంత శ్రద్ధగా చూసింది ఆ పదిహేను రోజులే. సన్నటి వేళ్ళు, కుడి మధ్యవేలు గోరు చీలి ఉండేది, మీట నొక్కే ముందు చిటికెనవేలు కొంచెం లేచేది. ఐదేళ్ళలో ఇవేవీ నాకు తెలియవు.

ఇరవై రెండు వరుసలయ్యాక, ఆ డెస్క్‌టాప్ తీసేసి పాత విండో మేనేజర్ పెట్టి, సార్‌ను కుర్చీలో కూర్చోబెట్టాను. అర్జీ దాని చోట తెరుచుకుంది. ఆయన తన పేరు, ఊరు టైపు చేశారు, ఒక్క తప్పు లేదు. చదవమ్మా అన్నారు. చదివాను. ఇంకా సగం కూడా కాలేదు కదా అన్నారు, కానీ ఆ పూట అన్నం మామూలుగా తిన్నారని శాంతక్క చెప్పింది. మిగతాది నిదానంగా రాబడదామని నేను అనుకున్నాను. ఆ వారమే, పొద్దున నేను బేతమంగళలో బస్సెక్కుతుంటే ఫోను వచ్చింది. గుండెపోటు. నేను ఆండర్సన్‌పేట చేరేసరికి వాకిట్లో జనం నిలబడి ఉన్నారు. కృష్ణప్ప గారు నన్ను చూసి, సంఘం నోటీసు ఇవాళ నువ్వే కొట్టల్లమ్మా అన్నారు. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, ఆ ఇరవై రెండు వరుసలతోనే, సార్ పోయిన కబురు కొట్టాను.

అందరూ నన్ను ఓదార్చారు. మంచికే చేసినావు అన్నారు. మంచికే చేశాను, నిజమే. ప్రేమతో చేసిన తప్పుకు శిక్ష వేసేవాళ్ళు ఉండరు, అందుకే అది ఎక్కడికీ పోదు. ఆ తర్వాత నేను నరసాపురంలో ఉద్యోగంలో చేరాను, నాలుగు కంప్యూటర్లు మార్చాను. ప్రతిదానిలోనూ ఆ ఫైలే పెట్టుకున్నాను. ఇరవై రెండు వరుసలూ ఇప్పుడు నా వేళ్ళకు వచ్చేశాయి. ఇరవై మూడో వరుస కూడా ఒకటి ఉంది. ఆ పదిహేను రోజుల్లో, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య, సార్ ఎడమ బొటనవేలూ కుడి చిటికెనవేలూ కలిపి రెండు మీటలు నొక్కుతూ ఉండేవారు. అదేమిటి సార్ అని అడిగితే మళ్ళీ ఒకసారి నొక్కి చూసి, "ఏమో తెలీదమ్మా. అది నొక్కకుంటే ముందుకు పోబుద్ధి కాదు," అన్నారు. ఆ రెండు మీటల పేర్లు రాసుకున్నాను. వాటి ఎదురుగా ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను, ఈనాటికీ ఖాళీగానే ఉంది. రోజుకు ఎన్నోసార్లు వాటిని నొక్కుతాను. తెర మీద ఏమీ కదలదు. ఒక్క దినం పీట తిప్పుకుని ఆయన వెనక కూర్చుని ఉంటే, అదేమిటో నాకు తెలిసి ఉండేది.